అడిగి చూశారా డాక్టరు గారూ?

పసిబిడ్డకు నీళ్ల విరేచనాలైతే ఓఆర్‌ఎస్, జింక్ చాలు కదా, యాంటీబయాటిక్ సిరప్ ఎందుకు రాశారని ఏ ఊళ్లో ఏ డాక్టరును కదిపినా ఒకటే జవాబు. "ఉప్పు నీళ్లు రాస్తే జనం ఊరుకుంటారా? పక్క వీధి క్లినిక్‌కి పోతారు." పత్రికలదీ అదే పాట. మన జనానికి సూదిమందు పిచ్చి, సెలైన్ పిచ్చి. ముందు వాళ్లలో అవగాహన పెంచాలి! ఎవరూ సరిచూడకుండానే అందరూ ఒప్పేసుకున్న మాట ఇది.

సరిచూసినవాళ్లు ఉన్నారు. కర్ణాటక, బిహార్‌లలోని 253 పట్టణాల్లో రెండు వేలకు పైగా ప్రైవేటు డాక్టర్లు, మందుల షాపుల దగ్గరికి పరిశోధకులు మనుషుల్ని పంపారు. ఇంట్లో రెండేళ్ల బిడ్డకు విరేచనాలవుతున్నాయని చెప్పి మందు అడగడం వాళ్ల పని. బిడ్డ లేడు, అంతా నటనే. కొందరు ఓఆర్‌ఎస్ కావాలన్నారు, కొందరు యాంటీబయాటిక్ అడిగారు, కొందరు ఏమీ అడగలేదు. 2024లో సైన్స్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. నోరు తెరిచి అడిగినవాళ్లకు ఓఆర్‌ఎస్ దక్కడం దాదాపు రెట్టింపైంది. ఇవ్వకపోవడానికి కారణాలు లెక్కగడితే, సరుకు లేకపోవడం వాటా 6 శాతం, లాభాపేక్ష వాటా 5 శాతం. 'వీళ్లకు ఇది అక్కర్లేదులే' అన్న ఊహ వాటా 42 శాతం. ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రుల్ని అడిగితేనేమో, యాంటీబయాటిక్ కోరేవాళ్లకంటే ఓఆర్‌ఎస్ కోరేవాళ్లే ఎక్కువ.

ఆడలేక మద్దెల ఓడనడమంటే ఇదే.

అంత దూరం పోనక్కర్లేదు. మన మందుల షాపుల్లో ఓఆర్‌ఎస్ పేరుతో తియ్యటి పానీయాల డబ్బాలు ఇన్నేళ్లు ఎవరు కొన్నారు? లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాల్సిన చోట దానికి ఎన్నో రెట్ల చక్కెర పోసి అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆ పేరు వాడొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కట్టడి చేసింది. మోసం సంగతి అలా ఉంచండి. జనానికి అక్కర్లేని పేరే అయితే, కంపెనీలు దాన్ని డబ్బా మీద ఎందుకు అచ్చేసుకున్నట్టు?

డాక్టర్ల వైపు న్యాయం లేదనను. ఓఆర్‌ఎస్ విరేచనాల్ని ఆపదు, పోయిన నీటినీ లవణాల్నీ తిరిగి ఇస్తుంది, అంతే. ఆ మాట చెప్పకుండా ప్యాకెట్ చేతిలో పెట్టి పంపితే, తెల్లారేసరికి తల్లి బిడ్డను భుజాన వేసుకుని మరో డాక్టరును వెతుక్కుంటుంది. ఎందుకు వెతుక్కోదు? చీటీ చూడండి: పైన యాంటీబయాటిక్, తర్వాత వాంతుల సిరప్, ఆ కింద ఏదో పొడి, అట్టడుగున గొలుసుకట్టు రాతలో ఓఆర్‌ఎస్. డబ్బు చాలకపోతే షాపులో వదిలేసేది ఆ చివరిదే. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలని, విరేచనమైన ప్రతిసారీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలని, జింక్ బిళ్ల 14 రోజులు ఆపకూడదని చెప్పడానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషం లేదంటారు. ఉండదు మరి, సాయంత్రం ఓపీలో అరవై మంది కూర్చుని ఉంటే. కానీ అది డాక్టరు తీరిక సమస్య, జనం అజ్ఞానం కాదు. ఆ నిమిషం కాంపౌండరుకో నర్సుకో అప్పగించవచ్చు.

1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించారు. జనానికి సెలైన్ మీద గురి ఉందని తెలిసి, డ్రమ్ముల మీద 'నోటి సెలైన్' అని రాయించారు. పట్టి తాగించింది రోగుల బంధువులే. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. జనానికి అవగాహన వచ్చేదాకా ఆయన ఆగలేదు.

రక్త విరేచనాలైతే యాంటీబయాటిక్ కావాలి. కళ్లు లోతుకుపోయి, తాగలేక సోలిపోయిన బిడ్డకు సెలైన్ ఎక్కించాల్సిందే. కాదనేవాళ్లు లేరు. నా గొడవ నాలుక తడిగా ఉండి, కన్నీళ్లు కారుస్తూ ఏడ్చే బిడ్డ చీటీతో. వచ్చే నెల ఆ చీటీలన్నీ విడిగా దాచండి. ఎందరికి యాంటీబయాటిక్ రాశారో, వాళ్లలో ఎందరు నోరు విప్పి దాన్ని అడిగారో పక్కపక్కన లెక్కేయండి. ఆ లెక్క చూపించాక జనాన్ని తిడితే వింటాను.