దాచితే ఎవరికి మేలు?
యుద్ధంలో జరిగే దారుణాల ఫొటోలు జనం కంట పడకూడదంటారు. కానీ మన ఐటీ కారిడార్‌లో నైట్ షిఫ్టు పిల్లలు రోజూ చూస్తూనే ఉన్నారు! ఫేస్‌బుక్ పోస్టుల్ని వడకట్టే కాంట్రాక్టు ఉద్యోగులు హైదరాబాద్‌లో ఎంత తక్కువ జీతానికి, ఎంత ఒత్తిడిలో పనిచేస్తున్నారో 2019లో రాయిటర్స్ బయటపెట్టింది. తలలు నరికే వీడియోను సెకన్లలో తేల్చేసి, తెల్లారి క్యాబెక్కి ఇంటికెళ్లి, అమ్మకు కూడా చెప్పుకోలేని పని అది. నేను మాత్రం యుద్ధం ఫొటోలు జనానికి చూపించాలనే అంటాను. 1972లో నాపామ్ బాంబుకు ఒళ్లు కాలి పరుగెత్తిన వియత్నాం పాప ఫొటోను 2016లో ఫేస్‌బుక్ నగ్నత్వమంటూ తీసేసింది. గొడవయ్యాక మళ్లీ పెట్టింది. 2004లో ఇరాక్‌లోని అబూ ఘ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీల్ని హింసించిన ఫొటోలు బయటికొచ్చాక అమెరికా బుకాయించలేకపోయింది. ముందు హెచ్చరిక పెట్టండి, బాధితుల ముఖాలు కప్పండి, చేసినవాడి ముఖం మాత్రం కప్పకండి. మన తరఫున చూస్తున్న ఆ పిల్లలకు సరైన జీతం, కౌన్సెలింగ్ ఇప్పించండి.