నన్నారి వేరుకు పరీక్ష కావాలి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జీవవైవిధ్య మండలి అధ్యక్షులకు,

కర్నూలు, కడప ప్రాంతాలలో ఎండాకాలపు దాహం తీర్చే నన్నారి షర్బత్తుకు మూలమైన వేరు ఒకే మొక్కది కాదు. సన్నని వేళ్ల సుగంధిపాల, దుంపల్లా లావెక్కే మారెడుగడ్డ రెండూ ఆ పేరుతోనే అంగళ్లకు చేరుతున్నాయి. వెనిలిన్‌ను పోలిన ఒకే ఆల్డిహైడు రెండింటికీ పరిమళం ఇస్తున్నందున, పొడి చేశాక ఏది ఏదో ముక్కు చెప్పలేదు, ప్రయోగశాల పరీక్షే చెప్పాలి.

ఇలాంటి మొక్కల జీవక్రియాశీలతపై, అంటే వాటి సారం సూక్ష్మజీవులపైనో కణాలపైనో చూపే ప్రభావంపై, పరిశోధనలకు కొదవలేదు. అయితే బాక్టీరియా మబ్బులా పరచుకున్న అగర్ పళ్లెంలో, సారంతో తడిపిన కాగితపు బిళ్ల చుట్టూ ఏర్పడే తేట వలయాన్ని మిల్లీమీటర్లలో కొలిచి అనేకం అక్కడే ఆగిపోతున్నాయి. ఆ వలయం ప్రభావం ఉందని చెబుతుందే గాని, అది ఏ పదార్థం వల్లనో, మనిషికి ఎంత మోతాదు క్షేమమో చెప్పదు. పాలకొండలలో పెరిగే ఎర్రచందనం జాతి చేవ నుంచి టెరోస్టిల్‌బీన్‌ అనే పదార్థాన్ని విడదీయగలిగిన శాస్త్రానికి మారెడుగడ్డలోని పదార్థాలను విడదీయడం అసాధ్యమేమీ కాదు.

కనుక 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద తయారయ్యే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో, చెంచులు, యానాదులు చెప్పే వాడుకతోపాటు ప్రతి మొక్క హెర్బేరియం నమూనా సంఖ్య, రసాయన విశ్లేషణ కూడా చేర్చాలని, ఆ పనిని యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలకు అప్పగించాలని, ఈ మొక్కలతో వచ్చే లాభంలో ఆ సముదాయాల వాటాను ముందే రాసిపెట్టాలని మండలికి విన్నపం. మారెడుగడ్డను మొత్తం తవ్వి తీస్తే తీగ కూడా పోతుంది కనుక ఈ పని ఆలస్యం కాకూడదు.