నాన్న చేతికి నా బీపీ

సంక్రాంతికి జగ్గయ్యపేట వెళ్లినప్పుడు నా పాత స్మార్ట్‌వాచ్ నాన్నకిచ్చాను. దాంతోపాటు నాలుగు డార్క్ చాక్లెట్ బార్లు. డార్క్ చాక్లెట్ తింటే బీపీ తగ్గుతుందనే రీల్ మీకూ వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది, నమ్మేశాను.

మార్చిలో మళ్లీ వెళ్తే నాన్న హుషారుగా చెయ్యి చాపారు. "చూడ్రా, 122/80! రోజూ రెండు ముక్కలు తింటున్నా. మాత్ర మానేసి పది రోజులైంది."

గుండె గుభేలుమంది. వెంటనే నందిగామలో ఆయన ఎప్పుడూ చూపించుకునే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. దండకి పట్టీ చుట్టి, ఐదు నిమిషాలు ఆగి ఇంకోసారి చూశారు. 164/98. వాచీ మాత్రం 124 దగ్గరే కూర్చుంది. "మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే ఇన్నాళ్లూ తగ్గి ఉంది, మానేస్తే పెరగదా?" అన్నారు డాక్టర్. మాత్ర మళ్లీ మొదలైంది.

తిరుగు బస్సు చిల్లకల్లు చేరేలోపు నాకు బగ్ దొరికింది. మన వాచీల్లో చాలావరకు బీపీని కొలవవు. వెనకున్న పచ్చ లైటు చర్మం కింద రక్తం ఎలా కదులుతుందో చూస్తుంది, అంతే. ముందు మనం అసలు బీపీ మిషన్‌తో కొలిచి ఆ అంకె ఇవ్వాలి. దాన్ని పట్టుకుని పెరిగిందా తగ్గిందా అని అంచనా వేస్తుంది. శామ్‌సంగ్ వాళ్లయితే 28 రోజులకోసారి మళ్లీ కొలిచి ఇమ్మంటారు. నాది చవక వాచీ, ఒక్కసారి తీసుకున్నాక మళ్లీ అడగదు. ఆ ఒక్కసారీ ఇచ్చింది నా బీపీ! రెండు నెలలుగా నాన్న తన చేతికి కొడుకు బీపీ చూసుకుని మురిసిపోతున్నారు. ఆఫీసులో ఇలాంటి కోడ్ రాస్తే రివ్యూలో మొహాన కొడతారు.

చాక్లెట్ సంగతి పూర్తిగా అబద్ధం కాదు. కోకోలోని ఫ్లావనాల్స్ వల్ల రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ పెరిగి అవి కాస్త వదులవుతాయి. 2017లో కాక్రేన్ సంస్థ 35 పరీక్షల్ని, 1,800 మందికి పైగా జనం లెక్కల్ని కలిపి చూస్తే సగటున తగ్గింది 2 పాయింట్ల లోపు. బీపీ ఉన్నవాళ్లలో 4 దాకా. అవి కూడా ఎక్కువగా కొన్ని వారాల పరీక్షలే. 160 దాటినవాళ్లకి ఇది ఉడతా సాయం. మంచి మిషన్‌తో వెంటవెంటనే రెండుసార్లు చూసినా అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. ఇక వాచీకి ఎక్కడ తెలుస్తుంది?

పైగా రేపర్ మీద 70 శాతం అనేది కోకో లెక్క, ఫ్లావనాల్స్ లెక్క కాదు. చేదు తగ్గించడానికి కోకోని క్షారంతో శుద్ధి చేస్తే అవి చాలావరకు పోతాయి. కోకో మనకేం పరాయిది కాదు, పక్కనే ఏలూరు జిల్లాలో కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంట. ఇష్టమైతే తినండి, మందు అనుకోకండి.

నందిగామలోనే దండకి చుట్టే బీపీ మిషన్ కొన్నాం. నాన్న పొద్దున్నే కూర్చుని కొలుచుకుని వాట్సాప్‌లో పెడుతున్నారు. నిన్నటిది 136/86. చాక్లెట్ మానలేదు, ఒక ముక్కకి దిగారు. రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలన్న డబ్ల్యూహెచ్‌ఓ లెక్క అమ్మకి చెప్పాను. ఆవకాయ జాడీని నా కంటపడకుండా పైఅరలో పెట్టింది. నాన్నకి మాత్రం అందుతోంది.