దృష్టిదోషము ఎవరిది?



మా పుత్తూరు పరిసరములలోను, తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెలలోను ధర్మరాజుల ఆలయములు అనేకము కలవు. వానిలో జరుగు భారత మహోత్సవములను గూర్చి ఈ సీమవారికి చెప్పనక్కరలేదు. పగలు భాగవతార్లు మహాభారతమును హరికథగా చెప్పుదురు. రాత్రి వీధినాటకము ఆడుదురు. అర్జునుడు తపస్సుమాను ఎక్కును. మట్టితో చేసిన దుర్యోధనుని మహాకాయము భీముని గదకు కూలును. చివరినాడు కంకణధారులైన భక్తులు నిప్పులు తొక్కుదురు. ద్రౌపదమ్మ మాకు కేవలము పురాణపాత్ర కాదు, ఇలవేల్పు.

కొన్నేండ్ల క్రిందట ఇట్టి ఉత్సవమునకు ఒక గ్రామమునకు వెళ్లితిని. ఆనాటి కథ ద్రౌపదీ వస్త్రాపహరణము. స్త్రీలు కొంగు నోటికి అడ్డము పెట్టుకొని కన్నీరు కార్చిరి. పురుషులు దుశ్శాసనుని బిగ్గరగా తిట్టిరి. అదే రాత్రి, అదే మైదానములో, అవే విరాళముల సొమ్ముతో కట్టిన వేదికపై రికార్డింగు డాన్సు మొదలైనది. ఇరువది యేండ్లు నిండీ నిండని ఒక ఆడపిల్ల అర్ధనగ్నముగా ఆడుచుండగా, పగలు దుశ్శాసనుని తిట్టిన ఆ నోళ్లే ఈలలు వేసినవి. కొందరు నోట్లు చూపి ఆమెను దగ్గరకు పిలిచిరి. నేను ఏమియు అనలేదు. నిర్వాహకులు పరిచితులు. తాంబూలము పుచ్చుకొని ఇల్లు చేరితిని. ఏటేటా సభాపర్వము చెప్పునప్పుడు భీష్ముని మౌనమును తప్పుపట్టు నేను, ఆ రాత్రి చేసినది అదియే.

మరునాడు ఈ మాట ఒక యువకుని వద్ద ఎత్తగా అతడు, "సామీ, గుళ్ల మీద గూడా అట్లాంటి బొమ్మలు ఉండాయి గదా? అవి తప్పు గాకపోతే సినిమా పోస్టరు మాత్రం ఎట్ల తప్పవుతుంది?" అని అడిగెను. నాకు వెంటనే ఉత్తరము తోచలేదు. ఈ వ్యాసము అతనికి నేను ఆలస్యముగా ఇచ్చు సమాధానము.

పూర్వపక్షమును దాని పూర్ణబలముతో నిలిపిన పిమ్మటనే సిద్ధాంతము చెప్పుట మన సంప్రదాయము. ఆ యువకుని ప్రశ్నలో బలమున్నది. అమరావతీ శిల్పములలోని స్త్రీమూర్తులకు పైవస్త్రము లేదు. ఖజురహో, కోణార్క ఆలయభిత్తులపై మిథునశిల్పములు కలవు. భారత శిక్షాస్మృతిలోని 292వ సెక్షనును, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 294వ సెక్షనును చూడుడు. అవి అశ్లీల చిత్రముల విక్రయమును నేరమని చెప్పుచునే, దేవాలయములపైని, దేవుని రథములపైని శిల్పచిత్రములను మినహాయించినవి. కావున వస్త్రము తగ్గినంతనే అశ్లీలమను వాదము నిలువదు. ఆ వాదము చేయు ఆస్తికుడు మొదట తన ఆలయమునే ఖండింపవలసి వచ్చును.

మరి అశ్లీలమన నేమి? శ్రీ గలది శ్రీలము. అదియే శ్లీలము. శ్రీ లేనిది అశ్లీలము. ఆలంకారికులు దీనిని కావ్యదోషములలో చేర్చి వ్రీడ, జుగుప్స, అమంగళము అని మూడు విధములుగా విభజించిరి. శృంగారమును మాత్రము వారు దోషమనలేదు, రసమనిరి. ఈ రెంటికిని భేదము బట్టల కొలతలో లేదు. అది ఎచ్చట ఉన్నదో తెలియుటకు వేదాంతములోని దృగ్దృశ్యవివేకము తోడ్పడును. చూడబడునది దృశ్యము, చూచునది దృక్కు. దేహము దృశ్యమే. కాని ఆ దేహమునందు ఉండి చూచుచున్న చైతన్యము ఎన్నటికిని దృశ్యము కాదు. నాలో చూచుచున్న ఆ దృక్కే ఎదుటి స్త్రీలోను ఉన్నదని మరచి, ఆమెను దృశ్యమాత్రముగా నిలుపుటయే అశ్లీలమునకు మూలమని నా సిద్ధాంతము. అది సౌందర్యాస్వాదనము కాదు, అధ్యాస.

ఆలయశిల్పము ప్రదక్షిణమార్గములో ఒక మజిలీ. భక్తుని దృష్టి అక్కడ ఆగిపోదు. ప్రాకారము నుండి ముఖమండపమునకు, అచ్చట నుండి గర్భగృహమునకు సాగును. గర్భగృహములో మనము అమ్మవారిని చూచుట సగము మాత్రమే. అమ్మ మనలను చూచుట మిగిలిన సగము. కటాక్షమను మాటకు అర్థమదియే. గోడ మీది పోస్టరులో దృష్టికి ముందు మార్గము లేదు. ఆ చిత్రములోని స్త్రీ మనవైపు చూచుచున్నట్లు కనిపించినను ఆ చూపు కూడ విక్రయమునకై అమర్చబడినదే.

మన శృంగారసాహిత్యమును చూచినను ఇదియే తేలును. తాళ్లపాక అన్నమాచార్యుల శృంగార సంకీర్తనలలో అలమేలుమంగ అలుగును, నిలదీయును, దూతికను పంపును. క్షేత్రయ్య పదములలో నాయిక మువ్వగోపాలుని ప్రశ్నించును. మా ఊరికి చేరువనే ఉన్న కార్వేటినగర సంస్థానములో సారంగపాణి వేణుగోపాలుని పేర పదములు రచించెను. ఈ పదములలో నాయికకు గొంతు ఉన్నది, మనస్సు ఉన్నది, కోపము ఉన్నది. సంస్థానముల కాలము పోయినది గాని ఆ పదములను పాడుకొన్నచో ఆ గొంతు నేటికిని వినబడును. అర్ధరాత్రి వేదికపై ఆడిన ఆ పిల్లకు గొంతు ఎక్కడిది? పాట యంత్రము పాడినది.

ఇక చరిత్రను విచారింతము. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో శిలాముద్రణాలయమును స్థాపించెను. లక్ష్మీ సరస్వతుల వర్ణచిత్రములు సామాన్యుని గోడకు చేరినవి. ఆలయప్రవేశము నిరాకరింపబడిన వారి యింటికిని దేవత వచ్చినది. ఈ ఉపకారమును కాదనుట కృతఘ్నత. కాని అదే కాలములో మేనక, రంభ, తిలోత్తమల చిత్రములు కూడ ప్రజలలో వ్యాపించినవి. క్రమముగా ఈ బొమ్మలు క్యాలెండరు మీదికిని అగ్గిపెట్టె మీదికిని ఎక్కినవి. చిత్రము ఉండవలసిన స్థానమును నిర్ణయించు అధికారము స్థపతి నుండి, ఆగమము నుండి జారి అమ్మకందారుని చేతికి పోయినది. నా దృష్టిలో ముఖ్యమైన మలుపు ఇదియే.

సినిమా పుట్టుకలో దోషము లేదు. 1913లో ఫాల్కే తీసిన రాజా హరిశ్చంద్రలో తారామతి వేషము వేసినది సాలుంకే అను పురుషుడు. ఆ కాలమున కుటుంబస్త్రీలు కెమెరా ముందుకు రారైరి. అదే సంవత్సరము మోహినీ భస్మాసురలో దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమలాబాయి నటించిరి. 1932లో వచ్చిన తెలుగు భక్తప్రహ్లాదలో లీలావతిగా సురభి కమలాబాయి నటించెను. వీరందరు పాత్రధారిణులు. వారికి కథలో స్థానమున్నది, పలుకున్నది. కాలక్రమమున కథతో సంబంధము లేని నృత్యమొకటి పుట్టెను. దానికి ప్రత్యేకముగా ఒక నర్తకి, ప్రత్యేకముగా ఒక పోస్టరు. కథలో ఆమెకు తల్లి లేదు, ఇల్లు లేదు, చాలసార్లు పేరు కూడ లేదు.

ఇట్లు లోకము వాడుకొన్నవారిలో ఏలూరు దగ్గరి కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి ఒకతె. పేదరికము వలన చిన్ననాటనే చదువు మానినది. మద్రాసు చేరి సిల్క్ స్మిత అయినది. 1980లలో దక్షిణదేశమంతట ఆమె పోస్టరు లేని ఊరు అరుదు. 1996 సెప్టెంబరులో, 35 ఏండ్ల ప్రాయమున, మద్రాసులో ఆమె మరణించెను. ఆమెను చూచుటకు టిక్కెట్టు కొన్నవారే ఆమెను గూర్చి నీచముగా మాటలాడిరి. మద్రాసుకు తిరుపతికి నడుమనున్న మా పుత్తూరు గోడలకు రెండు భాషల పోస్టర్లు అతికెడివి. వాని ముందు నిలిచినవారిలో నా సహాధ్యాయులు ఉండిరి, ఒకటి రెండు మారులు నేనును ఉంటిని. పాపము చిత్రములో ఉన్నదని అప్పుడు అనుకొంటిమి. చూచు మా కన్నులలో ఉన్నదని అనుకొనలేదు.

ఇప్పుడు మన పక్షమువారితోనే తగవు పడవలసియున్నది. "స్త్రీల వస్త్రధారణ వలన లోకము చెడినది" అని ఉపన్యసించు ఆస్తికులు నేడు ఎందరో. కిష్కింధలో సీతమ్మ ఆభరణములను చూపినప్పుడు లక్ష్మణుడు అందెలను మాత్రమే గుర్తుపట్టెను. నిత్యము పాదములకు నమస్కరించుట చేత అవియే తనకు తెలియునని చెప్పెను. అచ్చట శాస్త్రము నియమించినది లక్ష్మణుని కన్నును, సీతమ్మ చీరను కాదు. నిగ్రహము చూచువానికి విధింపబడిన ధర్మము. దానిని చూడబడు వ్యక్తిపై మోపుట ధర్మశాస్త్రము కాదు, పురుషుని సౌకర్యము.

ఈ సౌకర్యము క్రొత్తది కాదు. నాట్యవ్యతిరేకోద్యమము మొదలుకొని 1947 మద్రాసు దేవదాసీ నిరోధచట్టము వరకు లోకము కళావంతుల స్త్రీలను దూషించినది. వారిని ఆ స్థితిలో నిలిపిన భోగపురుషులను ఎవరును వెలివేయలేదు. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తిగా ప్రకటింపగా, మరుసటి సంవత్సరము ప్రభుత్వము దానిని అశ్లీలమని నిషేధించినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా నున్న కాలము వరకు ఆ నిషేధము తొలగలేదు. పురుషకవుల ప్రబంధములలోని సంభోగవర్ణనలను పాఠము చెప్పుకొన్న పండితులకు, స్త్రీ తానే నోరు విప్పి శృంగారమును చెప్పినప్పుడు మాత్రము అశ్లీలము కనబడెను. స్త్రీ దృశ్యముగా ఉన్నంతకాలము అభ్యంతరము లేదు. దృక్కు అయిన క్షణముననే అపచారము!

దీనిని వీధిలో నిలిచి ఎదిరించినవారిలో స్త్రీలే ముందున్నారు. 1974 ప్రాంతమున హైదరాబాదులో విద్యార్థినులు ఏర్పరచుకొన్న ప్రగతిశీల మహిళాసంఘము వరకట్నముతో బాటు అశ్లీల చిత్రప్రదర్శనమును కూడ వ్యతిరేకించినది. వారి ఇతర సిద్ధాంతములు మనవి కావు. కాని ఈ విషయమున మనము చేయవలసిన పని వారు చేసిరి. 1986లో స్త్రీల అసభ్యచిత్రణ నిషేధచట్టము వచ్చెను. సమాజనైతికతకు హానిని మాత్రమే గాక, స్త్రీని కించపరచుటను కూడ ఆ చట్టము దోషముగా పేర్కొన్నది. ఈ అంశమున శాసనకర్తలు మన ఉపన్యాసకుల కంటె ధర్మసూక్ష్మమును బాగుగా గ్రహించిరి.

నేడు పోస్టరు గోడను విడిచి అరచేతిలోనికి వచ్చినది. విషయధ్యానము సంగమునకు, సంగము కామమునకు, కామము క్రోధమునకు, చివరకు బుద్ధినాశమునకు దారితీయునని గీతాచార్యుడు ద్వితీయాధ్యాయములో చెప్పిన సోపానక్రమమును ఇప్పుడు యంత్రమే మనచేత ఎక్కించుచున్నది. 2023 నవంబరులో ఒక ప్రసిద్ధనటి ముఖమును మరొక స్త్రీ దేహమునకు కృత్రిమమేధతో అతికించిన దృశ్యము దేశమంతట తిరిగెను. యుద్ధకాండములో ఇంద్రజిత్తు మాయాసీతను సృష్టించి హనుమంతుని కనులయెదుట వధించుట మీకు తెలియును. స్త్రీ ప్రతిబింబమును ఆయుధముగా వాడుట రాక్షసమాయ యని వాల్మీకి ఏనాడో చూపెను. ఇంద్రజిత్తునకు ఘోరతపస్సు అవసరమైనది. నేటి కుర్రవానికి ఒక ఫోను చాలును, పొరుగింటి ఆడపిల్ల ఫోటో ఒకటి చాలును.

భక్తులమైన మనము ఇందుకు బాహ్యులమా? నవరాత్రులలో నాకు వచ్చు వాట్సాప్ చిత్రములను చూడుడు. దుర్గమ్మకు సినీనాయిక ముఖము, నాయిక నడుము, నాయిక భంగిమ. క్రింద శుభాకాంక్షలు. ధ్యానశ్లోకము చెప్పిన రూపమునకు, ఈ రూపమునకు పొత్తు లేదు. అన్యులు దేవతను అవమానించిరని కోపించు మనము, మనవారే అమ్మను ఇట్లు చిత్రించినప్పుడు చేతులు జోడించి పదిమందికి పంపుచున్నాము. కిందటేడు నా ఆలయద్వారమున కట్టిన ఫ్లెక్సీలో ఇట్టి బొమ్మయే ఉండెను. ఈసారి మౌనము వహింపలేదు. దానిని దింపించి, మూలమూర్తి అలంకారచిత్రముతో మరొకటి కట్టించితిని. కట్టించిన దాతకు కోపము వచ్చెను, ఒక మాసము గుడికి రాలేదు. తరువాత వచ్చెను.

నిండుసభలో ద్రౌపది చేసినదేమి? పణముగా ఒడ్డబడి, వస్తువుగా ఈడ్వబడి, దృశ్యముగా నిలుపబడిన ఆమె ఒక ప్రశ్న అడిగెను: తన్ను తాను ముందే ఓడిన ధర్మరాజునకు నన్ను ఒడ్డు అధికారము కలదా? సభ యావత్తు ఆమెను చూచుచుండగా ఆమె సభను చూచెను. భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను.

కావున ధర్మకర్తలకు, ఉత్సవనిర్వాహకులకు, తోటి అర్చకులకు నా విన్నపము ఇది. దేవుని పేర వసూలు చేసిన సొమ్ములో ఒక్క రూపాయియు రికార్డింగు డాన్సునకు పోరాదు. జనము రారను భయమున్నచో వీధినాటకము ఆడువారికి ఆ సొమ్మిండు, వారి వృత్తియు నిలుచును. వేదికపై ఆడు ఆ పిల్లలను నిందింపకుడు. వారికి వేరొక జీవనోపాధి చూపగలిగినచో చూపుడు. ఇంటిలో కుమార్తెకు హితము చెప్పుటకు ముందు కుమారునికి చూపును నేర్పుడు. ఫోనులో దేవతాచిత్రము వచ్చినప్పుడు, ఈ రూపము ముందు నేను మంత్రము చెప్పగలనా అని ఒక్క క్షణము ఆలోచించి గాని ముందుకు పంపకుడు.

వచ్చే ఉత్సవమునకు నన్ను పిలిచిన గ్రామములకు ఈ నియమమును ముందుగానే చెప్పుచున్నాను. ఆడపిల్లను వేదికనెక్కించి ఆడించు చోట నేను కంకణము కట్టను, తాంబూలము పుచ్చుకొనను. ఇందుచేత నాకు పిలుపులు తగ్గవచ్చును. తగ్గనిండు. నాయనా, నీవు అడిగిన ప్రశ్నకు ఆనాడు నేను ఇవ్వలేకపోయిన ఉత్తరము ఇదియే.

ఇతి శమ్.