ఆగగలిగే హక్కు: వజ్రపుకొత్తూరు తీరం నుంచి ఒక ప్రణాళిక

పేద కుటుంబం చేతికి నేరుగా అందే సొమ్ము ఈ రాష్ట్ర సంపదలో ఆ కుటుంబానికి దక్కవలసిన వాటా. గెలిచినవారి కానుకగా దాన్ని పుచ్చుకునే కాలం ముగిసిందని ప్రకటిస్తున్నాం. ఆ వాటాను చట్టంగా మార్చడానికి ఉద్దానం తోటల్లోంచి, వజ్రపుకొత్తూరు తీరం నుంచి బయలుదేరుతున్నాం. ఇది చదువుతున్న మీరు పలాసలో జీడిపిక్కలు కొడుతున్నా, టెక్కలిలో బస్సు కోసం నిలబడినా, బతుకుతెరువుకు వెళ్లి వీరావల్ రేవులో బోటు మీద ఉన్నా, మా తోటి ప్రయాణికులే.

హక్కు అడగడం ఈ నేలకు కొత్తేమీ కాదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో వీర గున్నమ్మ తుపాకి గుండుకు నేలకొరిగింది. ఆ తరం అడవిని, భూమిని అడిగింది. మేం అదే గొంతుతో ఆదాయ భద్రత అడుగుతున్నాం. మా విశ్వాసాలు ఇవి.

1. నగదు చట్టబద్ధమైన హక్కు కావాలి. 75 రూపాయల పింఛను రోజులు మన ముసలివాళ్లకు గుర్తే. 2006లో అది 200 అయింది, 2014లో 1,000, 2019 జనవరిలో 2,000, 2024 జూలైలో 4,000. 2014 నుంచి పెద్ద మెట్లన్నీ ఎన్నికల గడప దగ్గరే ఉండటం చూడండి. ధరలు మాత్రం ఎన్నికల కోసం ఆగలేదు. ఇందులో 60 నుంచి 79 ఏళ్ల వృద్ధుడికి కేంద్రం ఇచ్చే వాటా పదిహేనేళ్లకు పైగా 200 రూపాయల దగ్గరే నిలిచిపోయింది. పిల్లల చదువుకు తల్లులకిచ్చే అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చే మధ్యలో, 2023 జూన్ నుంచి 2025 జూన్ దాకా, తల్లుల ఖాతాల్లో ఆ డబ్బు పడలేదు. పథకం పేరు మారినప్పుడల్లా పిల్లల చదువు ఆగకూడదు. 2005లో ఉపాధి హామీ చట్టం పనిని అడిగి తీసుకునే హక్కుగా చేసింది. నగదుకూ అలాంటి చట్టం కావాలి. ధరలతో పాటు మొత్తం పెరగాలి, ఇచ్చే తేదీ చట్టంలోనే రాసి ఉండాలి.

2. నగదు కొనిపెట్టేది ఆగగలిగే శక్తిని. మిగతా విశ్వాసాలన్నిటికీ మూలం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త నిలుస్తాం. ఉన్నవాడు ధర వచ్చేదాకా ఆగుతాడు, జబ్బు ముదరకముందే డాక్టరు దగ్గరికి వెళతాడు, నచ్చని పనిని వద్దంటాడు. లేనివాడు ఆగలేడు. జీడిచెట్టు పూతకొచ్చే వేళకే రైతు షావుకారు దగ్గర చేబదులు తీసుకుంటాడు, వేసవిలో రాలిన పిక్కలను ఆయన చెప్పిన ధరకే కొలుస్తాడు. 80 కిలోల బస్తాకు 16,000 రూపాయల మద్దతు ధర కావాలని ఉద్దానం రైతు ఎంత అరిచినా, అప్పున్న రైతుకు బేరం ఆడే నోరెక్కడిది? సరిగ్గా అదే కాలంలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, సముద్రంలో వేట నిషేధం. అది ముగిసే వేళకే బడులు తెరుస్తారు. ఏడాదిలో మూడు కష్టాలూ ఒకే గుమ్మంలోకి ఒకేసారి వచ్చే నెలలివి.

ఇప్పుడొక లెక్క. మంచినీళ్లపేటలో వేటకు వెళ్లే మనిషి, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి ఉన్న ఇల్లు ఒకటి అనుకోండి. 2025 నాటి మొత్తాల ప్రకారం తల్లి పింఛను ఏడాదికి 48,000, తల్లికి వందనం కింద పిల్లలిద్దరి పేర 26,000, వేట నిషేధ భృతి 20,000. మొత్తం 94,000 రూపాయలు. ఆ ఇంటి ఖర్చంతటికీ అది సరిపోదు. కానీ నూటికి అయిదు రూపాయల వడ్డీకి చెయ్యి చాచకుండా జూన్ గడపడానికి చాలు. అయితే సొమ్ము వేట ఆగకముందే చేతికి రావాలి. ఆలస్యంగా వచ్చిన భృతి వడ్డీవ్యాపారికే చేరుతుంది.

3. తుపాను పరిహారం ఒక్కరోజు చెక్కుతో తీరదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ ఈ తీరాన్నే దాటింది. కూలిన కొబ్బరిచెట్టుకు మొదట 1,500 రూపాయలన్నారు, 2019లో దాన్ని 3,000 చేశారు. మొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ ఆ ఇల్లు ఏం తినాలి? కొత్త చెట్టు కాపుకొచ్చేదాకా నెలనెలా ఆదాయం ఇవ్వడమే న్యాయమైన పరిహారం.

4. సొమ్ము ఆడవాళ్ల పేర రావాలి. పంచితే తాగేస్తారన్న అనుమానం పేదల మీదే ఎందుకు వస్తుందో మేం అడగం, జవాబు అందరికీ తెలుసు. 2011లో మధ్యప్రదేశ్ పల్లెల్లో ‘సేవా’ సంఘం యూనిసెఫ్ సాయంతో ప్రతి మనిషికీ నెలనెలా షరతుల్లేని నగదు ఇచ్చి చూసింది. తిండి మెరుగుపడింది, పిల్లల బడి హాజరు పెరిగింది, తాగుడు పెరగలేదు.

5. నగదు నీటికి, ఆసుపత్రికి బదులు కాదు. దీనికి ఉద్దానం కన్నా పెద్ద సాక్ష్యం దేశంలో దొరకదు. ఇక్కడ మూత్రపిండాల జబ్బుకు కారణం ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తుంది, మంచిదే. వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లే భార్య పోగొట్టుకునే కూలి ఆ లెక్కలో లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రిని, హిరమండలం నుంచి వచ్చే 700 కోట్ల మంచినీటి పథకాన్ని ప్రారంభించారు. ప్రతి కుళాయిలో ప్రతిరోజూ ఆ నీళ్లు రావాలి, ఆ ఆసుపత్రిలో ప్రతి విభాగానికీ డాక్టరుండాలి. చేతికి నగదు ఇచ్చాం కాబట్టి మిగతాది మీరే కొనుక్కోండి అనే ప్రభుత్వం మాకు అక్కర్లేదు.

6. అర్హుల పేర్లు ఏరేసే జల్లెడ పోవాలి. జీడి రసం అరగదీసిన వేళ్లకు యంత్రం మీద ముద్ర పడదు. ఉమ్మడి ఇంట్లో ఒకే కరెంటు మీటరు ఉంటే 300 యూనిట్లు దాటి అందరి పేర్లూ ఎగిరిపోతాయి. కౌలుకు దున్నేవాడికి కౌలు కార్డు లేకపోతే రైతు సొమ్ము యజమాని ఖాతాకు వెళుతుంది. రాతపూర్వకమైన నోటీసు, గ్రామసభలో విచారణ లేకుండా ఒక్క పేరు కూడా తీసెయ్యకూడదు. 2024 ఏప్రిల్ ఎండల్లో పింఛను కోసం సచివాలయాల ముందు, మే నెలలో బ్యాంకుల ముందు ముసలివాళ్లు నిలబడ్డారు. అది మళ్లీ జరగకూడదు.

మేం కోరే రేపటిలో నువ్వలరేవు కుర్రాడు వీరావల్ వెళితే అది ఇష్టంతో వెళ్లిన ప్రయాణం అవుతుంది, అప్పు తరిమితే పారిపోవడం కాదు. జీడిరైతు పిక్కల్ని ఇంట్లో ఆరబెట్టుకుని ధర చూసి అమ్ముతాడు. బట్టీలో పనిచేసే ఆడమనిషి కూలి తక్కువైతే రేపట్నుంచి రానని చెప్పగలుగుతుంది. ముసలమ్మ కోడలికి బరువనిపించదు, మనవరాలి పుస్తకాలకు తానే డబ్బిస్తుంది. ఒకటో తారీఖున తలుపు తట్టిన ఉద్యోగికి ఎవరూ దండం పెట్టరు. ఏ నాయకుడి బొమ్మా లేని పాస్‌బుక్కులో ఆ నెల వాటా పడుతుంది. ఓటు వేసే రోజున ఆ ఇంటివాళ్లు పింఛను పోతుందేమోనన్న బెంగ లేకుండా రోడ్డు గురించి, బడి గురించి, నీళ్ల గురించి ఆలోచించి వేస్తారు.

మిత్రులారా, ఈ ఉద్యమానికి ఇంకా జెండా లేదు, ఆఫీసు లేదు. అవి లేకపోవడం పనికి అడ్డు కాదు. రాబోయే గ్రామసభకు మీ ఇంటి పాస్‌బుక్కు, ఆగిపోయిన నెలల లెక్క, పేరు తీసేసినవాళ్ల జాబితా పట్టుకుని రండి. పై ఆరు మాటల్నీ తీర్మానంగా పెట్టించి, ఒక నకలు పంచాయతీలో ఉంచి, ఒకటి మాకు ఇవ్వండి. మొదటి తీర్మానం వజ్రపుకొత్తూరు మండలం నుంచి వెళుతుంది. రెండోది మీ ఊరి నుంచి రావాలి.