చీము పట్టిన పుండ్లకు విద్యుదయస్కాంత చికిత్స: తోడే, ప్రత్యామ్నాయం కాదు

కాడి ఒరిపిడి వలన ఎద్దు మెడపై ఏర్పడిన పుండుకు చీము పట్టినపుడు యాంటీబయోటిక్ వాడుట పరిపాటి. స్టాఫిలోకోకస్, సూడోమోనాస్ వంటి బాక్టీరియా బయోఫిల్మ్ అనే పొరను ఏర్పరచుకొన్నచో మందు వాటిని పూర్తిగా చేరజాలదు. విద్యుదయస్కాంత చికిత్సపై ఆసక్తి పెరుగుటకు ఇదొక కారణం.

మానవులలో అతుకని ఎముకలకు ఈ చికిత్సను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1979లోనే ఆమోదించినది. అయితే కణజాల వృద్ధిని ప్రేరేపించుట వేరు, బాక్టీరియాను అణచుట వేరు. మొదటిది రెండవదానికి రుజువు కాదు. పైగా పశువుల పుండ్లు అంచులు ముడుచుకొని సహజంగానే చిన్నవగును. కావున పరికరమును అమర్చియు విద్యుత్తు ప్రసరింపజేయని పశువులతో పోల్చనిదే ఫలితమును నిర్ధారింపరాదు. పౌనఃపున్యం, తీవ్రత, వ్యవధి, పుండులోని బాక్టీరియా సంఖ్య తప్పక నమోదు చేయవలెను.

అట్టి పరిశోధనలు ఫలించువరకు విస్తరణ శాస్త్రవేత్తలు దీనిని రైతులకు సిఫారసు చేయుట తొందరపాటగును. వెంట్రుకలు కత్తిరించి, సెలైన్‌తో కడిగి, మృతకణజాలమును తొలగించి, చీము పరీక్ష ననుసరించి మందును ఎంచుకొనుటే నేటి కర్తవ్యం. ఎద్దుకు విశ్రాంతి నిచ్చి, ఒరుసుకొను కాడిని సరిచేయనిదే ఏ చికిత్సయు నిలువదు.