తక్కువ ధర సరే, లోపం వస్తే జవాబుదారు ఎవరు?

మా బొల్లాపల్లి వంటి మండల కేంద్రంలో నిలబడి కంప్యూటరుకు మదర్‌బోర్డు కావాలంటే చూడవలసిన దిక్కులు రెండే. ఒకటి వినుకొండ వెళ్ళే బస్సు, రెండవది చేతిలోని ఫోను. వినుకొండలోనూ నరసరావుపేటలోనూ బిగించి సిద్ధంగా ఉంచిన కంప్యూటర్లు దొరుకుతాయి గాని, పిల్లవాడు కాగితం మీద వ్రాసి తెచ్చిన రకమే కావాలంటే చాలాసార్లు ‘తెప్పిస్తాము’ అనే మాటే వినబడుతుంది. అది దాటితే గుంటూరు, విజయవాడ. ఇంకా దాటితే సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఆ భవనం నిండా కంప్యూటరు దుకాణాలే. అంత దూరం పోయి, దారి ఖర్చులు పెట్టుకొని కొనేకంటే ఫోనులో వేలు నొక్కితే ఇంటికే వస్తుందని పిల్లలు అనడంలో ఆశ్చర్యం లేదు.

ఇంజనీరింగులోనో, డిగ్రీలో కంప్యూటర్సులోనో చేరిన పిల్లల తల్లిదండ్రులు ఈ విషయమై మమ్మల్ని తరచుగా అడుగుతున్నారు. “హజరత్, ఆన్‌లైన్‌లో నాలుగు వేలు తగ్గుతుందని అబ్బాయి అంటున్నాడు. దుకాణమైతే మనిషి కనబడతాడు కదా అని నాకుంది. ఏది మంచిదంటారు?” అని మిరప పండించే సోదరులొకరు అడిగారు. నాలుగు వేలంటే కూలి చేసుకొని బ్రతికే ఇంటిలో చిన్న మొత్తం కాదు. కనుక ‘తెలిసిన దుకాణంలోనే కొనండి’ అని తేలికగా చెప్పి పంపడం న్యాయం కాదు. అయితే ఆ తేడా ఊరికే రాలేదన్న సంగతి ముందుగా గ్రహించాలి. వస్తువులో లోపం బయటపడిన నాడు తిరిగే శ్రమ ఎవరిదన్నది ఆ తేడాలో కొంత దాగి ఉంటుంది. దుకాణదారుడు ఆ భారాన్ని నిజంగా మోసేవాడైతే అతను అడిగే అదనపు సొమ్ము న్యాయమైనదే. మోయనివాడైతే ఆ నాలుగు వేలు దండుగే.

కంటితో చూడకుండా కొనడం మన ఫిఖహ్‌కు కొత్త సమస్య కాదు. మదరసాలలో బోధించే ‘హిదాయా’లో క్రయవిక్రయాల అధ్యాయం తెరిస్తే ఖియార్‌ల చర్చ విస్తారంగా కనబడుతుంది. చూడకుండా కొన్నవాడికి చూసిన తరువాత వద్దనే హక్కు ఖియారె రూయత్. ఫలానా గడువులోగా బేరం రద్దు చేసుకోవచ్చునని ముందుగా షరతు పెట్టుకొంటే అది ఖియారె షర్త్. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మూడు దినాలకు మించి ఈ గడువును ఒప్పుకోలేదు. గడువు స్పష్టంగా ఉంటే ఎక్కువైనా ఫరవాలేదని వారి శిష్యులిద్దరూ అన్నారు. ఇక అమ్మినవాడి వద్దనే ఉన్న లోపం తరువాత బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు ఖియారె ఐబ్. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. కొన్నవాడి చేతిలో వస్తువుకు మరొక కొత్త లోపం కలిగితే, పాత లోపం పేరు చెప్పి దానిని బలవంతంగా తిరిగి అంటగట్టడం కుదరదు. పాత లోపం వల్ల తగ్గిన విలువను మాత్రం అడగవచ్చు.

ఈ చివరి మాటను మదర్‌బోర్డు కొనేవారు బాగా గుర్తుంచుకోవాలి. ఇంటెల్ బోర్డులలోనూ, ఏఎండీ వారి ఏఎం5 బోర్డులలోనూ ప్రాసెసరు కూర్చునే సాకెట్టులో వెంట్రుకల వంటి పిన్నులు ఉంటాయి. ఒక్కటి వంగినా బోర్డు పనిచేయకపోవచ్చు, వారంటీ కూడా వర్తించదు. వంగినది మీ చేతిలోనా, వారి చేతిలోనా అన్న వివాదం వస్తే నిరూపించేదెవరు? అందుకే దుకాణంలోనైతే బల్ల మీదనే పెట్టె విప్పించి, సాకెట్టు మూత తీయించి చూడాలి. పార్సిలైతే అతికించిన టేపు కోయడం మొదలుకొని సాకెట్టు కనబడేవరకు, మధ్యలో ఆపకుండా ఫోనులో వీడియో తీయాలి. పెట్టె మీది సీరియల్ నంబరు, వస్తువు మీది నంబరు, బిల్లులోని నంబరు ఒకటేనా అన్నది ఆ వీడియోలోనే కనబడాలి.

దేశ చట్టం కూడా కొనుగోలుదారుని ఒంటరిగా వదలలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో వ్రాసిన గడువులోగా, గడువేదీ వ్రాయకపోతే 30 రోజులలోగా వెనక్కు తీసుకోవడానికి నిరాకరించడమూ అంతే. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు మరికొంత ముందుకు వెళ్ళాయి. ఆన్‌లైన్ సంత నడిపేవారు తమ వేదిక మీద అమ్మేవాడి వ్యాపార నామం, చిరునామా చూపాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. మన పిల్లలు చూడనిది సరిగ్గా ఆ వ్యాపార నామమే. వేదిక పేరు పెద్దదే, కాని ఆ వస్తువును అమ్ముతున్నవాడు మరెవరో. ఒకే ప్రాసెసరును పదిమంది అమ్ముతుంటే అందరికంటే తక్కువ చెప్పినవాడు నిన్న మొన్న చేరినవాడు కావచ్చు. వారంటీ కంపెనీదా, అమ్మేవాడిదా అన్నది కూడా అక్కడే చూసుకోవాలి. పెట్టెతో వచ్చే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు సాధారణంగా మూడేళ్ళ కంపెనీ వారంటీ ఉంటుంది. పెట్టె లేకుండా విడిగా అమ్మే ‘ట్రే’ ప్రాసెసరుకు అది ఉండదు, అమ్మినవాడి మాటే దానికి ఆధారం.

దుకాణాల సంగతికి వస్తే అక్కడి పెద్ద ఉచ్చు ఒక్కటే: “బిల్లు వద్దంటే తగ్గిస్తాము.” విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం కనుక ఆశ పుట్టడం సహజం. కాని ఆ కాగితం లేనినాడు కంపెనీ సేవాకేంద్రంలో మీరెవరో తెలియదు, కమిషన్ ముందు మీ బేరమే జరగలేదు. పైగా ఆ తగ్గింపు ప్రభుత్వానికి చెందవలసిన సొమ్ములో నుండి వచ్చింది. చదువుకొనే బిడ్డ యంత్రం దానితోనా మొదలవ్వాలి?

వాడిన వస్తువును క్రొత్తదని అమ్మే మోసం ఎక్కువగా హార్డ్‌డిస్కులలో జరుగుతుంది. అది ఎన్ని గంటలు నడిచిందో డిస్కే తనలో వ్రాసుకొంటుంది, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము దానిని చదివి చూపుతుంది. క్రొత్తదన్న డిస్కు వేల గంటలు చూపితే ఇక మాటలు అక్కరలేదు. ఒక టీబీ డిస్కు కంప్యూటరులో 931 జీబీగా కనబడడం మాత్రం మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా. దాని కోసం దుకాణదారునితో పోట్లాడినవారు మాకు తెలుసు.

విడిభాగాలు ఒకదానికొకటి నప్పుతాయో లేదో చూడడం కొనేవాడి బాధ్యత. డీడీఆర్4 ర్యామ్ డీడీఆర్5 బోర్డులో దిగదు. ఒకే హెచ్610 పేరుతో రెండు రకాల బోర్డులూ వస్తాయి. మేము చదువు చెప్పిన ఒక కుర్రవాడు ఇలాగే బోర్డు ఒకచోట, ర్యామ్ మరొకచోట తెప్పించుకొని, రెండూ నిక్షేపంగా ఉన్నా వారం రోజులు కంప్యూటరు లేకుండా కూర్చున్నాడు.

ఇక కొనేవారి నిజాయితీ. దీని గురించి మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడడం లేదు. క్రొత్త ర్యామ్ తెప్పించి, పెట్టెలో తన పాతది పెట్టి ‘పనిచేయలేదు’ అని తిప్పి పంపి, దానిని తెలివిగా చెప్పుకొనే యువకులున్నారు. పెద్ద కంపెనీకి నష్టమేమిటని వారి వాదన. ఆ పెట్టె సరిగా పరీక్ష కాకుండా మళ్ళీ అమ్మకానికి వస్తే విప్పేది ఇటువంటి మరొక పల్లెలోని మరొక విద్యార్థే. లోపాన్ని దాచి అమ్మడం ఎంత ఖియానతో, లేని లోపాన్ని కల్పించి తిప్పి పంపడమూ అంతే ఖియానత్. దుకాణదారుణ్ణి గంటసేపు కూర్చోబెట్టి, ఏ బోర్డుకు ఏ ప్రాసెసరు నప్పుతుందో అన్నీ వ్రాయించుకొని, బయటికి వచ్చి ఆన్‌లైన్‌లో కొనడం హరామని మేము అనము. కాని అటువంటివాడు తన యంత్రం పాడైననాడు అదే దుకాణం మెట్లెక్కి ‘భాయ్, కాస్త చూడండి’ అనడానికి కొంచెమైనా సంకోచించాలి.

‘నో కాస్ట్ ఈఎంఐ’ గురించి కూడా అడుగుతున్నారు. చాలావరకు జరిగేదేమిటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ధరలో తగ్గింపు చూపుతారు, వడ్డీ మీద జీఎస్టీ మాత్రం మీ కార్డుకు పడుతుంది. సున్న శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తెలిపింది. పేరు మారినంత మాత్రాన ఒప్పందం మారదు, దీని జోలికి పోవద్దనే మేము చెబుతున్నాము. దుకాణదారుడే ఒక ధర ఖాయం చేసి, మూడు వాయిదాలలో తీసుకొంటానంటే అది వేరు. ఆలస్యానికి అదనం వేయని పక్షంలో అందులో దోషం లేదు.

వివాదం వస్తే ముందు 1915 నంబరుకు ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్ ఉంది. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. రెండేళ్ళ గడువు దాటనివ్వకూడదు.

చివరగా ర్యామ్ విషయం. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్పులను మింగివేస్తుండడంతో 2025 చివరి నెలల నుండి వీటి ధరలు విపరీతంగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో సామాన్య కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారాన్ని విరమిస్తున్నట్లు మైక్రాన్ కంపెనీ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. ఇటువంటి సమయంలో నమ్మశక్యం కాని తక్కువ ధర కనబడితే ముందు అనుమానించాలి. తెలిసినవారి వద్ద వాడిన ర్యామ్ కొనడంలో తప్పు లేదు, హార్డ్‌డిస్కు వలె అది త్వరగా అరగదు. లేదా రెండు గదులున్న బోర్డు తీసుకొని, ఒకదానిలో 8 జీబీ పెట్టి రెండవది ఖాళీగా ఉంచండి. మొదటి ఏడాది చదువుకు అది సరిపోతుంది. ధర దిగిననాడు అదే కంపెనీ, అదే వేగం చూసి రెండవది కొనుక్కోవచ్చు.